మన పిల్లల కోసం మనం కలుద్దాం: ఎల్‌జీబీటీ పిల్లలున్న కుటుంబాలు ఊళ్లోనే ఒక గ్రూపుగా నిలబడడం ఎలా

మా మొదటి సమావేశానికి వచ్చింది నలుగురమే. ఆదివారం మధ్యాహ్నం మూడున్నర, ఒక ట్యూషన్ సెంటర్ మేడమీద గది. బోర్డు మీద ముందురోజు ఎవరో తుడవకుండా వదిలేసిన త్రికోణమితి లెక్క. ఒక పెద్దాయన ఎప్పుడంటే అప్పుడు లేచి వెళ్లిపోవడానికి వీలుగా, తలుపు పక్క బెంచీ చివర కూర్చున్నారు. నేనిచ్చిన మంచినీళ్ల గ్లాసును రెండు చేతులతో పట్టుకుని గంటన్నర సేపు ఒక్క గుక్క కూడా తాగలేదు. అందరం లేస్తుంటే "మా అమ్మాయి..." అని ఆగిపోయి, గ్లాసు బల్ల మీద పెట్టి, "వచ్చే నెల కూడా ఇక్కడేనా?" అని అడిగారు.

ఎల్‌జీబీటీ పిల్లలున్న, అంటే స్వలింగ ప్రేమికులో, ఆడా మగా ఇద్దరినీ ప్రేమించేవాళ్లో, ట్రాన్స్ పిల్లలో ఉన్న తల్లిదండ్రులకు ఇలాంటి గ్రూపు ఎందుకు ఉండాలో ఆ ఒక్క ప్రశ్న చెబుతుంది. కొడుకో కూతురో వచ్చి తనది స్వలింగ ప్రేమ అనో, పుట్టినప్పుడు ఆడ అనో మగ అనో రాసింది తాను కాదనో (ట్రాన్స్ అంటే ఇదే) చెప్పిన రోజు నుంచి తల్లిదండ్రులకు నిద్ర ఉండదు. అన్నదమ్ములకు చెప్పుకోలేరు, ఇరుగుపొరుగుకు అసలే చెప్పుకోలేరు. చివరికి ఆ బాధంతా నోరు తెరిచి నిజం చెప్పిన బిడ్డ మీదే కుమ్మరిస్తారు. నేనూ అదే చేశాను. మా అబ్బాయి తాను గే అని, అంటే తాను ప్రేమించేది మగవాళ్లనేనని చెప్పిన రాత్రి నేనన్న రెండు మాటల్ని వాడు మరిచిపోయానంటాడు. నేను మరిచిపోలేదు. మన దుఃఖం దించుకోవడానికి వేరే చోటు ఉంటే అది పిల్లల నెత్తిన పడదు. ఆ చోటును వెతుక్కోవడం ఎలా, ఊళ్లో లేకపోతే ఏర్పాటు చేసుకోవడం ఎలా అన్నదే ఇక్కడ చెబుతున్నాను.

ఈ దారిలో మనకంటే ముందు నడిచినవాళ్లు ఉన్నారు. 1972లో న్యూయార్క్‌లో జీన్ మాన్‌ఫోర్డ్ అనే బడి పంతులమ్మ గే అయిన తన కొడుకు పక్కన ఊరేగింపులో నడిచారు. గే పిల్లల తల్లిదండ్రులు తమ పిల్లలకు అండగా ఏకం కావాలని రాసిన అట్టను చేత పట్టుకున్నారు. మరుసటి ఏడాది మార్చిలో అదే నగరంలో ఒక చర్చిలో తొలి సమావేశం పెడితే వచ్చింది ఇరవై మంది. ఈనాడు అమెరికా అంతటా శాఖలున్న పీఫ్లాగ్ అనే తల్లిదండ్రుల సంస్థ అలా పుట్టింది. మన దేశంలో 2017లో ముంబైలో 'స్వీకార్' అనే తల్లిదండ్రుల బృందం మొదలైంది. 2023లో స్వలింగ జంటల పెళ్లి హక్కు కేసు సుప్రీంకోర్టులో నడుస్తున్నప్పుడు ఆ బృందం తరఫున నాలుగు వందల మందికి పైగా తల్లిదండ్రులు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు. ఎవరూ వందలమందితో మొదలుపెట్టలేదు.

మొదటి అడుగు: పిల్లల్ని అడగండి

గ్రూపుకు వెళ్లేది మీరే. అక్కడ విప్పేది మాత్రం పిల్లల జీవితం. అందుకే గుమ్మం దాటకముందే వాళ్లను మూడు విషయాలు అడగాలి. నేను ఇలాంటి చోటికి వెళ్లవచ్చా? నీ పేరు చెప్పవచ్చా? నీ చదువు, ఉద్యోగం, ఉండే ఊరు ఎంతవరకు చెప్పవచ్చు? "వెళ్లు కానీ పేరు చెప్పకు" అంటే అంతే. "ఇప్పుడే వద్దు" అంటే కొన్నాళ్లు ఆగి మళ్లీ అడగండి. ఈలోగా మీ మనసు భారం దింపుకోవడానికి పేరు చెప్పనక్కరలేని ఫోన్ సహాయం ఉంది, దాని సంగతి తరువాత చెబుతాను.

మీకూ బిడ్డకూ మాటలు లేకుండా పోయి, అడిగే వీలే లేకపోతే? అప్పుడు వెళ్లవచ్చు, కానీ పిల్లల పేరు, ఫొటో, ఆఫీసు పేరు ఏవీ బయటపెట్టకుండా వెళ్లాలి. ఈ విషయంలో నేను మొండిగానే ఉంటాను. మా దగ్గరకు వచ్చిన ఒక తల్లి, ఓదార్పు దొరుకుతుందని తన ఆడపడుచు ఒక్కరికే చెప్పుకుంది. వారం తిరగకుండా బంధువులందరి ఫోన్లలో అదే మాట. ఆ పిల్లవాడు రెండు సంక్రాంతులు ఇంటికి రాలేదు. ఆవిడది చెడ్డ ఉద్దేశం కాదు. కానీ అడగకుండా చెప్పింది.

ఉన్నదాన్ని వెతకడం

ముందుగా మీ బిడ్డనే అడగండి. ఏ ఊళ్లో ఏ గ్రూపు ఉందో, ఏది నమ్మదగిందో పిల్లలకు తెలిసినంతగా మనకు తెలియదు. హైదరాబాద్‌లో 2013 నుంచి ప్రైడ్ ఊరేగింపు, అంటే ఎల్‌జీబీటీ వాళ్లు తలెత్తుకుని నడిచే ఊరేగింపు, జరుగుతోంది. స్వలింగ ప్రేమికుల కోసం, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం పనిచేసే సంస్థలు అక్కడ ఉన్నాయి. వాటిని నడిపేది ఎక్కువగా యువతే. అయినా మొహమాటపడకుండా ఫోన్ చేసి, "తల్లిదండ్రులు కలిసే రోజు ఏదైనా ఉందా? లేకపోతే మాలాంటి మరో తల్లినో తండ్రినో కలపగలరా?" అని అడగండి. ఆ రెండో ప్రశ్న మరిచిపోవద్దు. చాలామందికి గ్రూపు కంటే ముందు కావలసింది తమకంటే నాలుగేళ్లు ముందు ఈ దారిన నడిచిన ఒక్క మనిషి.

చిన్న ఊళ్లలో ఉన్నవాళ్లకు స్వీకార్ లాంటి బృందం మంచి మొదలు, దాని సభ్యులు దేశంలో అనేక నగరాల్లో ఉన్నారు. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లయితే, అమెరికాలో దగ్గరలోని పీఫ్లాగ్ శాఖ ఒకటి, దక్షిణాసియా కుటుంబాల కోసమే నడిచే దేశీ రెయిన్‌బో పేరెంట్స్ అండ్ అలైస్ ఒకటి. పీఫ్లాగ్‌లో మంచివాళ్లు ఉంటారు, శ్రద్ధగా వింటారు. కానీ "మా అత్తగారికి ఎలా చెప్పాలి" అన్నది ఎంత పెద్ద ప్రశ్నో అక్కడ విడమరచి చెప్పుకోవాలి. మనవాళ్ల మధ్య ఆ అవసరం రాదు. ఏడుపు సొంత భాషలోనే వస్తుంది కాబట్టి, వీలైతే తెలుగు మాట్లాడేవాళ్లు ఒకరైనా ఉన్న చోటు చూసుకోండి.

చేరే ముందు ఒక ఫోన్

నడిపేవాళ్లతో పది నిమిషాలు మాట్లాడితే చాలావరకు తెలిసిపోతుంది. కొత్తవాళ్లను ఎలా తీసుకుంటారు? అక్కడ విన్నది బయటకు పోకుండా ఏం చేస్తున్నారు? ఫొటోలు తీస్తారా? విలేఖరులు, పరిశోధక విద్యార్థులు వస్తుంటారా? పిల్లలు కూడా కూర్చుంటారా, లేక తల్లిదండ్రులేనా? ఈ ప్రశ్నలకు విసుక్కునే చోటికి వెళ్లకండి.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. "మీ అబ్బాయిని మామూలుగా చేసే కౌన్సెలింగ్ ఉంది", "నలభై రోజుల దీక్ష", "హార్మోన్ ఇంజెక్షన్లు", "ప్రార్థనతో విడుదల" అన్న మాట ఎవరి నోట వచ్చినా అక్కడితో ఆ ఫోన్ పెట్టేయండి. పిల్లల్ని మారుస్తామనేవాళ్లు తల్లిదండ్రుల గ్రూపుల చుట్టూ తిరుగుతుంటారు, ఎందుకంటే భయపడిన తల్లి ఎంతైనా ఖర్చుపెడుతుందని వాళ్లకు తెలుసు.

మొదటిసారి వెళ్లినప్పుడు

మాట్లాడి తీరాలని లేదు. పేరు చెప్పి ఊరుకోవచ్చు, పేరు కూడా మార్చి చెప్పవచ్చు. అక్కడ ఒక తండ్రి తన ట్రాన్స్ కూతురి గురించి నవ్వుతూ చెబుతుంటే మీకు కోపం రావచ్చు, "ఈయనకు బాధే లేదా" అనిపించవచ్చు. ఆయనా మీ బెంచీ మీద నుంచే అక్కడికి చేరారు. ఒక్కసారి చూసి నిర్ణయించుకోకండి, మూడుసార్లు వెళ్లండి. మూడుసార్లు వెళ్లినా గుండె తేలిక కాకపోతే ఆ గ్రూపు మీకు సరిపడదని అర్థం, మీలో లోపమేమీ లేదు.

ఊళ్లో ఏదీ లేకపోతే

ఇద్దరితో మొదలుపెట్టండి. నిజంగా ఇద్దరు చాలు. మీరు, మీలాంటి మరొకరు. ఆ రెండో మనిషి దొరికేదాకా ప్రకటనలు వద్దు, పేరు వద్దు, గుర్తు బొమ్మ వద్దు. మీ పిల్లల స్నేహితుల ఇళ్లలో ఒక తల్లో తండ్రో ఉంటారు. మీ బిడ్డ ద్వారా, ఆ స్నేహితుల అనుమతితో కబురు పంపండి. ఈ పిల్లలతో పనిచేసే మనస్తత్వ నిపుణులు, హైదరాబాద్‌లోని సంస్థలు కూడా మీ నంబరును అవసరమైన తల్లిదండ్రులకు ఇవ్వగలుగుతారు. వాళ్ల నంబర్లు మీకు ఇమ్మని మాత్రం అడగవద్దు. మీ నంబరు వాళ్ల చేతికి వెళ్లాలి, ఫోన్ చేయాలో వద్దో వాళ్లు నిర్ణయించుకోవాలి.

దీనికోసం వేరే సిమ్ ఒకటి తీసుకోండి. నేను తీసుకోకుండా మొదలుపెట్టి, తరువాత చాలా ఇబ్బంది పడ్డాను. వచ్చిన ప్రతి కొత్తవారితో సమావేశానికి ముందే మీరో మీ రెండో మనిషో ఫోన్‌లో మాట్లాడాలి. ఎవరి గురించి వస్తున్నారు, ఈ గ్రూపు సంగతి ఎలా తెలిసింది, బిడ్డకు తెలుసా అని అడగండి. పావుగంట మాటల్లో ఎవరు ఆరా తీయడానికి వస్తున్నారో, ఎవరు తట్టుకోలేక వస్తున్నారో తెలుస్తుంది. అనుమానం ఉంటే గదికి పిలవకుండా బయట ఒకసారి టీ దగ్గర కలవండి.

చోటు ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. ఎవరి ఇంట్లోనూ వద్దు: మొదట్లో ఎవరికీ ఎవరి ఇల్లూ తెలియకపోవడమే మంచిది, పైగా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నుంచి ఎదురింటి అత్తయ్య దాకా అందరికీ సమాధానం చెప్పాలి. హోటల్లో పక్క బల్లవాళ్ల చెవులుంటాయి. పార్కులో తెలిసినవాళ్లు నడకకు వస్తారు. గుడి, చర్చి ఆవరణ కొందరికి కుదరదు. మాకు కుదిరింది ఆదివారం మధ్యాహ్నం ఖాళీగా ఉండే ట్యూషన్ సెంటర్. సెలవురోజు మూసి ఉండే క్లినిక్, సంగీతం నేర్పే గది, స్వచ్ఛంద సంస్థ కార్యాలయం కూడా పనికొస్తాయి. చూడవలసినవి నాలుగు: బస్సు దిగి నడిచి వెళ్లగలగాలి, తలుపు మూసుకోగలగాలి, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉండాలి, ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఒక మాట ఉండాలి. మా వాచ్‌మన్‌కు మేం "తల్లిదండ్రుల సమావేశం" అని చెబుతాం. అది అబద్ధం కాదు.

సమావేశం రోజు, వేళ ఒకసారి పెట్టుకున్నాక మార్చవద్దు. నెలలో రెండో ఆదివారం అంటే పండగ వచ్చినా, వాన వచ్చినా అదే. "ఈసారి ఎప్పుడో ఫోన్ చేసి కనుక్కోండి" అంటే, ఇంట్లో ఫోన్ మాట్లాడే వీలులేని తల్లి రాలేదు. మధ్యాహ్నం మూడున్నర మంచి వేళ అని నా అనుభవం. అన్నాలయ్యాయి, సాయంత్రం దీపం వేళకు ఇంటికి చేరవచ్చు, బయటకు వెళ్లడానికి కారణం చెప్పుకోవడం సులువు.

మొదటి సమావేశం

కుర్చీలు గుండ్రంగా వేయండి, తలుపు దగ్గర ఒకటి ఖాళీగా ఉంచండి. మంచినీళ్లు, కాగితపు రుమాళ్లు, ఏదో ఒక చిరుతిండి. మా దగ్గర ఒకావిడ స్టీలు డబ్బాలో పులిహోర తెచ్చేది. తింటున్నప్పుడు చేతులకు పని ఉంటుంది, ఒకరి మొహం ఒకరు చూడనక్కరలేదు, మాట దానంతటదే వస్తుంది. అందుకే తినడం చివరికి కాకుండా మధ్యలో పెట్టాం.

మొదటి పది నిమిషాలు నడిపేవాళ్లు నియమాలు చదవాలి, పాతవాళ్లే ఉన్నా సరే. ఇక్కడ విన్నది ఇక్కడే ఉండాలి. పిల్లల పేర్లు వాళ్ల అనుమతి లేకుండా పలకరాదు. అడగనిదే సలహా ఇవ్వరాదు. కులం, మతం, పార్టీ తీసుకురాకూడదు. ఫోన్లు మూసి సంచిలో పెట్టాలి. తరువాత నడిపేవాళ్లే తమ కథ ఐదు నిమిషాల్లో చెప్పాలి, అందంగా కాకుండా ఉన్నదున్నట్టుగా. నేను నా రెండు మాటలూ చెబుతాను. అవి విన్నాక ఎదుటివాళ్ల భుజాలు కొంచెం దిగడం నేను ప్రతిసారీ చూశాను, ఎందుకంటే వాళ్లూ అలాంటివో అంతకంటే పెద్దవో అని ఉంటారు.

ఆపైన గంటసేపు ఒక్కొక్కరుగా. చెప్పనివారిని దాటి వెళ్లాలి, "మీరూ చెప్పండి" అని ఒత్తిడి చేయరాదు. ఎవరైనా ఏడిస్తే వెంటనే వీపు నిమరడానికి, "ఊరుకోండి" అనడానికి లేవకండి. కష్టమే, మనకు చిన్నప్పటి నుంచీ అదే అలవాటు. కానీ "ఊరుకోండి" అన్న మాటతో ఏడుపు ఆగుతుంది, బాధ లోపలే ఉండిపోతుంది. నీళ్లు దగ్గరగా జరిపి కూర్చోండి. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకపోయినా ఫరవాలేదు. ఒకరే అరగంట మాట్లాడుతుంటే, "మీ మాట చివర్లో మళ్లీ వింటాం" అని సున్నితంగా ఆపాల్సింది నడిపేవాళ్లే. చివరి పది నిమిషాల్లో ఈ నెలలో ఇంట్లో చేయబోయే ఒక చిన్న పని ఒక్కొక్కరూ చెప్పాలి. ఒకాయన "వాడికి ఫోన్ చేసి అన్నం తిన్నావా అని అడుగుతాను" అన్నారు. ఆ తండ్రీకొడుకులు అప్పటికి ఏడు నెలలుగా మాట్లాడుకోలేదు.

మాటల విషయం ఒకటి. మనవాళ్లు మొదట్లో పత్రికల్లో చదివిన "స్వలింగ సంపర్కం" అంటారు, కొందరు ఇంకా దారుణమైన తిట్లే పేర్లుగా వాడతారు, వేరే మాట తెలియక. మొదటిరోజే మందలించవద్దు. మీరు మాత్రం "స్వలింగ ప్రేమ", "గే", "లెస్బియన్", "ట్రాన్స్" అని వాడుతూ ఉండండి. రెండు మూడు నెలల్లో వాళ్ల నోటా అవే వస్తాయి. సంపర్కం అన్నప్పుడు పడకగది గుర్తొస్తుంది, ప్రేమ అన్నప్పుడు బిడ్డ గుర్తొస్తుంది.

గోప్యత కాగితాల్లో ఉండదు, అలవాట్లలో ఉంటుంది

హాజరు పట్టీ రాయకండి. ఫొటోలు తీయకండి. దారిలో, పెళ్లిళ్లలో ఎదురుపడితే పలకరించాలా వద్దా అని ముందే మాట్లాడుకోండి. మా నియమం: కొత్తగా వచ్చినవారు ముందు పలకరిస్తేనే మనం పలకరించాలి. ఫోన్‌లో వాట్సాప్ గ్రూపు పెట్టుకుంటే దాని పేరు, బొమ్మ చూసేవాళ్లకు ఏమీ తెలియకూడదు. మాది 'కార్తీక వనభోజనాలు'. ఒకావిడ నా నంబరును 'జాకెట్ల టైలర్' అని దాచుకుంది, ఆమె భర్తకు ఇంకా తెలియదు కాబట్టి. నాలుగేళ్లుగా నేను ఆమెకు రాత్రి ఎనిమిది తరువాత ఫోన్ చేయలేదు, ఏ టైలరూ ఆ వేళ చేయదని.

వాట్సాప్ గ్రూపులో సమావేశం కబుర్లు తప్ప కథలు వద్దు. ఒక్క స్క్రీన్‌షాట్ చాలు, ఒక ఇల్లు కూలిపోవడానికి.

తప్పకుండా వచ్చే ప్రశ్నలు

"ఎక్కడ తప్పు చేశాం?" అన్నది అందరూ అడుగుతారు. హాస్టల్‌లో వేయడం వల్లనా, తండ్రి దుబాయ్‌లో ఉండడం వల్లనా, చిన్నప్పుడు గౌను తొడిగినందుకా అని. దీనికి చర్చ పెట్టకండి. వేర్వేరు రకాల ఇళ్ల నుంచి వచ్చిన ఆరుగురు ఒకే ప్రశ్న అడగడం విన్నాక సమాధానం వాళ్లకే దొరుకుతుంది.

"డాక్టరుకు చూపిస్తే?" అంటే సూటిగా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితా నుంచి తీసేసింది. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లో ఇది మానసిక వ్యాధి కాదని ప్రకటించింది. పిల్లల్ని "మార్చే" చికిత్స వైద్యవృత్తి దుష్ప్రవర్తన కిందకు వస్తుందని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. డాక్టరు అవసరమయ్యేది దిగులుకు, నిద్రలేమికి. అది పిల్లలకే కాదు, తల్లిదండ్రులకు కూడా.

"పెళ్లి చేస్తే సర్దుకుంటాడు" అనే మాట దగ్గర మాత్రం నేను మెత్తగా ఉండలేను. మా గదిలో ఒక తల్లి ఈ మాట నమ్మి కొడుక్కి పెళ్లి చేసింది. ఆ కోడలు ఏడాదిన్నర పాటు తనలోనే ఏదో లోపం ఉందనుకుని, గుళ్లూ ఆసుపత్రులూ తిరిగింది. విడాకులయ్యాక ఆమె అత్తగారిని అడిగింది ఒక్కటే: "మీకు ముందే తెలుసా అత్తయ్యా?" ఆ తల్లి దానికి సమాధానం చెప్పలేకపోయానని మా ముందు చెప్పింది. ఇప్పుడు పెళ్లి మాట ఎవరు ఎత్తినా నేను మాట్లాడను, ఆవిడే మాట్లాడుతుంది.

"చెల్లెలి సంబంధాలు పాడవవా?" అనే భయానికి పచ్చి అబద్ధం చెప్పి ధైర్యం ఇవ్వవద్దు. కొన్ని సంబంధాలు తప్పిపోతాయి. కానీ దాచి పెళ్లి చేసి, తరువాత బయటపడితే ఆ చెల్లెలు అత్తింట్లో ఏం పడాలో కూడా మాట్లాడుకోండి. ఆ అమ్మాయినే అడగమనండి. అన్నను దాచిపెట్టాల్సిన ఇంటికి వెళ్లనని చెప్పిన చెల్లెళ్లు నాకు తెలుసు.

చట్టం గురించి ఇంతమాత్రం తెలిసి ఉంటే చాలు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్ విషయంలో ఇచ్చిన తీర్పుతో, వయసొచ్చిన ఇద్దరి మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదు. 2023 అక్టోబరు 17 తీర్పులో మాత్రం పెళ్లి హక్కు దక్కలేదు. 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను గుర్తించింది, 2019లో వాళ్ల కోసం చట్టం వచ్చింది. హైదరాబాద్‌లో నిజాం కాలం నుంచి వారిని నేరస్థుల్లా చూసిన పాత చట్టాన్ని 2023లో తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, తండ్రి తన దగ్గర ఉంచేసిన ఒక యువతి కేసులో, మేజరైన ఆమె తనకు నచ్చిన అమ్మాయితో కలిసి ఉండవచ్చని చెప్పింది. ఈ చివరిది గదిలో గట్టిగా చదివి వినిపించండి, ఇంట్లో బంధించే ఆలోచన ఉన్నవాళ్లు ఒకరైనా ఉంటారు.

పెళ్లి హక్కు లేదు కాబట్టి, "మేం పోయాక వాడికి ఎవరు?" అన్న దిగులుకు కాగితాలే సమాధానం. వీలునామా రాయడం, బీమా, బ్యాంకు నామినీలు సరిచూసుకోవడం. ఉమ్మడి ఖాతా తెరవడానికీ భాగస్వామిని నామినీగా పెట్టడానికీ అడ్డు లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థికశాఖ స్పష్టం చేసింది. ఏడాదికి ఒకసారి ఒక లాయరును పిలిచి ఈ ఒక్క విషయం మీదే కూర్చోండి. తండ్రులు ఎక్కువగా వచ్చేది ఆ నెలే.

ఆపద వేళ

నడిపేవాళ్లు డాక్టర్లు కారు, పోలీసులు కారు. ఈ హద్దు మొదటే తెలుసుకోవాలి. కొన్ని నంబర్లు ప్రతి సమావేశంలో బోర్డు మీద రాయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సహాయం 14416: ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, పేరు చెప్పనక్కరలేదు. అత్యవసరమైతే 112. ఉచిత న్యాయ సహాయానికి 15100, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ.

బిడ్డ చనిపోతానంటున్నాడని ఒక తల్లి చెబితే ఆ రోజు సమావేశం అక్కడితో ఆపండి. ఇంటికి ఎవరు వెళ్లాలి, మందులు, తాళ్లు, పురుగుమందు డబ్బాలు ఎవరు తీసివేయాలి, ఈ రాత్రి పక్కన ఎవరు పడుకోవాలి అన్నది గదిలోనే తేల్చండి. ఆత్మహత్యాయత్నం చేస్తే కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకువెళ్లని ఇళ్లున్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలాంటి వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలే తప్ప శిక్షించకూడదు. ఇది అందరికీ తెలియాలి.

ఎవరైనా తండ్రి పిల్లను గదిలో పెట్టి తాళం వేశాననో కొట్టాననో చెబితే? గోప్యత పేరుతో మౌనంగా ఉండవద్దు. మా నియమాల్లో ఈ వాక్యం ఉంది: ప్రాణానికి, ఒంటికి ముప్పు ఉందని తెలిస్తే ఆ ఒక్క విషయంలో రహస్యం పాటించం. మొదటి పది నిమిషాల్లో అదీ చదువుతాం.

తండ్రులు, తోబుట్టువులు, అమ్మమ్మలు

వచ్చేది ఎక్కువగా తల్లులే. తండ్రులు స్కూటర్ మీద దింపి, వీధి చివర టీకొట్టు దగ్గర నిలబడతారు. వాళ్లను పైకి రమ్మని బతిమాలే బదులు, మా గ్లాసు పెద్దాయనను ఆ టీకొట్టుకు పంపడం మొదలుపెట్టాం. ఆయన అక్కడ వాళ్లతో క్రికెట్ మాట్లాడి, పొలం ధరలు మాట్లాడి, మూడో నెలకు "మా అమ్మాయికి కూడా..." అని ఎత్తుకుంటారు. ఇప్పుడు గది తాళంచెవి కూడా ఆయన దగ్గరే ఉంటుంది.

అక్కాతమ్ముళ్లకు ప్రత్యేకంగా ఒక సమావేశం ఏడాదికి రెండుసార్లైనా పెట్టండి. తల్లిదండ్రుల కన్నీళ్లకూ తోబుట్టువు రహస్యానికీ మధ్య నలిగేది వాళ్లే, వాళ్లను ఎవరూ అడగరు. అమ్మమ్మలు, నాయనమ్మల గురించి ముందే బెంగపెట్టుకోకండి. "వాడు బాగా తింటున్నాడా, ఆ అబ్బాయి మంచివాడేనా" అని మాత్రమే అడిగిన ఒక అమ్మమ్మ మా గదికి వచ్చి వెళ్లింది.

డబ్బు, రిజిస్ట్రేషన్

మొదటి రెండేళ్లు రిజిస్ట్రేషన్ అక్కరలేదు. అద్దె, టీ, సిమ్ ఖర్చు తలా కొంత వేసుకుంటే సరిపోతుంది. డబ్బా తలుపు పక్కన పెట్టండి, ఎవరు వేశారో ఎవరు వేయలేదో కనబడకుండా. విరాళాలు తీసుకోవాలన్నా, బ్యాంకు ఖాతా కావాలన్నా అప్పుడు సొసైటీగా నమోదు చేసుకోవచ్చు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆ ఏడుగురి పేర్లు, చిరునామాలు ప్రభుత్వ కాగితాల మీదికి ఎక్కుతాయని మరిచిపోకండి. పేరు బయటపడినా ఫరవాలేదనుకునే ఏడుగురు ఉన్నప్పుడే ఆ పని చేయండి. విదేశాల్లోని పిల్లలు డబ్బు పంపుతామంటే, విదేశీ విరాళాల చట్టం గురించి ముందు ఆడిటరుతో మాట్లాడండి.

ఎవరూ రాని నెల

వస్తుంది. మాకు మూడు వచ్చాయి. అలాంటి రోజు తాళం వేసి వెళ్లిపోవాలనిపిస్తుంది. వెళ్లవద్దు. ఫ్యాను వేసి, కుర్చీలు గుండ్రంగానే ఉంచి, చెప్పిన వేళ దాకా కూర్చోండి. ఒక పుస్తకమో అల్లికో దగ్గర పెట్టుకోండి. ఆ మూడు నెలల్లో ఒకదానిలో నేను ఒక్కదాన్నే కూర్చుని పెసలు ఏరుకున్నాను. మా దగ్గరకు ఏడాది తరువాత వచ్చిన ఒకావిడ, అంతకుముందు మూడు ఆదివారాలు ఆ మెట్ల కింద దాకా వచ్చి, పైన లైటు వెలుగుతోందో లేదో చూసుకుని వెనక్కి వెళ్లానని చెప్పింది. అందులో ఒకటి నేను పెసలు ఏరిన రోజు.